కొత్త సీలు వేయించినా ఆయిల్ ఎందుకు కారుతుంది? పికప్ క్రాంక్ ఫ్రంట్ సీలు గొడవ మొదటి నుంచీ

మా బావకు ఒక పికప్ ఉంది. చీనీకాయలు, టమాటా, ఉల్లిగడ్డ, ఏది దొరికితే అది ఎత్తుకుని అనంతపురం నుంచి బెంగళూరుకు, అప్పుడప్పుడు కర్నూలు వైపు తిరుగుతుంటాడు. ఎండాకాలం మొదట్లో ఇంజిన్ ముందు భాగంలో ఆయిల్ కారుతోందని బండిని షెడ్డులో పెట్టి క్రాంక్ ఫ్రంట్ సీలు మార్పించాడు. తొమ్మిదో రోజుకు అదే చోట మళ్ళీ తడి. సీలు వేసిన మెకానిక్‌ను అడిగితే "సీలు డూప్లికేట్‌దయ్యుంటాదిలేన్నా, ఒరిజినల్ తెస్తే మళ్ళీ వేస్తా" అన్నాడు. రెండో షెడ్డులో ఆయిల్ మూత తీసి, వచ్చే పొగ చూసి "ఇంజిన్ బోరుకొచ్చింది", అంటే సిలిండర్ లోపలి గోడలు అరిగిపోయాయి అని అరవై వేల మాట ఎత్తారు. పక్క వీధిలో ఉండే లారీ డ్రైవరయితే "ఏమప్పా, దీనికింత టెన్షనా? అర లీటరు డబ్బా సీటు కింద పెట్టుకో, తగ్గినప్పుడంతా పోస్తాండు" అని తేల్చేశాడు.

చిక్కేమిటంటే ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. మూడూ నిజమయ్యే ఇంజిన్లు ఉన్నాయి. మన బండిది అందులో ఏదో తెలియాలంటే, ఆ సీలు అక్కడ కూర్చుని అసలు చేసే పనేమిటో ముందు తెలియాలి. సీలు పోతే సీలు మార్చాలి, ఇంతే కదా అనిపిస్తుంది గానీ, సీలు ఆయిల్‌ను ఒంటరిగా ఆపదు. అది రాసుకుంటూ ఉండే ఇనుము నున్నగా ఉండాలి, లోపలి గాలి ఒత్తిడి అదుపులో ఉండాలి. ఈ రెంటిలో ఏది చెడినా కొత్త సీలు కూడా పాతదాని దారే పడుతుంది.

గ్లాండ్ తాడుకూ ఆయిల్ సీలుకూ తేడా

ఇంజిన్లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి, ఆ ఆటను గుండ్రంగా తిరిగే తిప్పుగా మార్చేది క్రాంక్. దాని వెనక కొసకు ఫ్లైవీలు, క్లచ్చు ఉంటాయి. ముందు కొస ఇంజిన్ ముందు మూత అయిన టైమింగ్ కవర్‌లోంచి బయటికి పొడుచుకొచ్చి పుల్లీని తిప్పుతుంది, ఆ పుల్లీ మీద ఫ్యాన్ బెల్టు, దానితో డైనమో, వాటర్ పంపు నడుస్తాయి. అంటే కదలకుండా ఉన్న గోడలోంచి తిరిగే కడ్డీ బయటికి రావాలి. గోడకూ కడ్డీకీ మధ్య సందు ఉండక తప్పదు. ఆ సందులో కూర్చునే చుట్టే ఫ్రంట్ ఆయిల్ సీలు.

మన చేన్లలో మోనోబ్లాక్ మోటర్లు వాడినవాళ్లకు గ్లాండ్ తాడు తెలుసు. షాఫ్టు చుట్టూ తాడు చుట్టి నట్టుతో బిగిస్తారు. మరీ బిగిస్తే షాఫ్టు కాలిపోతుంది, అందుకే చుక్క చుక్కగా నీళ్లు కారేటట్టే వదులుతారు. చాలామంది ఆయిల్ సీలు కూడా ఇలాంటి బిగింపే అనుకుంటారు. అలా కాదు. చేతిలోకి తీసుకుని చూస్తే, బయట ఇనుప చుట్టు, దాని మీదో లోపలో రబ్బరు, లోపలి అంచున కత్తి మొనలా సన్నటి లిప్పు, ఆ లిప్పు వెనకాల బాగా సన్నటి తీగతో చుట్టిన స్ప్రింగు. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు తిరిగి ఉంటుంది. చాలా సీళ్లకు బయటి వైపు ఇంకో చిన్న లిప్పు ఉంటుంది, అది దుమ్ము కోసం.

బండి నడిచేటప్పుడు ఆ లిప్పు ఇనుము మీద పొడిగా రాసుకోదు. మైక్రాన్ల మందంలో ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది. లిప్పుకు ఆయిల్ వైపు వాలు నిటారుగా, గాలి వైపు వాలు పల్చగా పెట్టి ఉంటారు, దానివల్ల సందులోకి జారిన ఆయిల్‌ను షాఫ్టు తిరుగుడే మళ్ళీ లోపలికి తోసేస్తుంది. ఒక రకంగా ఇది బిరడా కాదు, బహు చిన్న పంపు. కొన్ని సీళ్లకు గాలి వైపు వాలు మీద ఏటవాలు గీతలుంటాయి, పక్కన బాణం గుర్తు ఉంటుంది, షాఫ్టు ఎటు తిరుగుతుందో ఆ దిక్కుకు మాత్రమే ఆ సీలు పనికొస్తుంది. కొలతలు సరిపోయాయని ఎదురు దిక్కు సీలు వేస్తే, ఆయిల్‌ను లోపలికి తోయాల్సిన గీతలు బయటికి తోడతాయి. కొత్త సీలు, మంచి కంపెనీ సీలు, అయినా మొదటిరోజు నుంచే లీకు!

లిప్పు ఎంత పని చేస్తుందో ఒక లెక్క చూద్దాం. లిప్పు తాకే చోట వ్యాసం 45 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక్క చుట్టుకు 14 సెంటీమీటర్ల పైన రాపిడి. ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే గంటకు 1,20,000 చుట్లు, అంటే దాదాపు 17 కిలోమీటర్లు. అనంతపురం నుంచి బెంగళూరుకు లోడుతో ఐదు గంటలు పడితే ఆ సన్నటి రబ్బరు అంచు ఉన్నచోటే 85 కిలోమీటర్లు జారినట్టు. తిరుగు ప్రయాణం వేరే.

కారేది అక్కడే అయినా, వచ్చేది అక్కడి నుంచేనా

సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి. ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పరుస్తుంది, దాని మీద మన ఎర్రమట్టి దుమ్ము అతుక్కుని రొట్టెలా గట్టిపడుతుంది. పైన టాపెట్ కవర్ ప్యాకింగ్ కారినా, టైమింగ్ కవర్ ప్యాకింగ్ కారినా, పవర్ స్టీరింగ్ గొట్టం కారినా కడకు చుక్క వేలాడేది ఇంజిన్ ముందు అడుగునే. దాన్ని చూసి "ఫ్రంట్ సీలే" అనేయడం సులువు, ఎందుకంటే దాని పేరు అందరికీ తెలుసు.

తేడా పట్టించే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. సీలు దగ్గర కారిన ఆయిల్ తిరిగే పుల్లీ మీద పడుతుంది కాబట్టి నీటి చక్రం చిమ్మినట్టు వలయంగా చిమ్ముతుంది. బెల్టు లోపలి వైపు, రేడియేటర్ వెనక వైపు, బానెట్ అడుగున పుల్లీకి ఎదురుగా ఒకే వరుసలో గీత గీసినట్టు కనిపిస్తుంది. పైనుంచి కారినదైతే గీత నిలువుగా దిగుతుంది, ఇంజిన్ పై భాగం కూడా తడిగా ఉంటుంది.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ అడుగున తొట్టిలా ఉండే ఛాంబర్‌లోని ఆయిల్ మట్టం క్రాంక్ కంటే కిందే ఉంటుంది. కాబట్టి ఫ్రంట్ సీలు లీకు ముఖ్యంగా ఇంజిన్ నడిచేటప్పుడే వస్తుంది, ఆపాక లోపల అంటుకున్న కాస్తా దిగి ఆగిపోవాలి. రాత్రంతా ఆపి ఉంచిన బండి తెల్లవారే దాకా ఒకే తీరుగా చుక్కలు రాలుస్తోందంటే, ముందు అనుమానించాల్సింది ఛాంబర్ ప్యాకింగునో, డ్రెయిన్ బోల్టునో.

మరీ చిత్రమైన దారి ఒకటుంది. చాలా ఇంజిన్లలో సీలు లిప్పు క్రాంక్ మీద కాకుండా, క్రాంక్ కొసకు ఎక్కించిన పుల్లీ మెడ మీద రాసుకుంటుంది. పుల్లీకీ క్రాంక్‌కూ మధ్య కీ, అంటే ఆ రెంటినీ జారకుండా కలిపే చిన్న ఇనుప ముక్క, కూర్చోవడానికి ఒక కాలువ లాంటి గాడి ఉంటుంది. సీలు బ్రహ్మాండంగా ఉన్నా ఆయిల్ ఆ కాలువ వెంబడి పాకి పుల్లీ బోల్టు వాషరు కిందనుంచి బయటికొస్తుంది. ఇలాంటి బండికి ఎన్ని సీళ్లు మార్చినా ఫలితం ఉండదు. పుల్లీ నడిమధ్య బోల్టు తల చుట్టూ తడి ఉందా, పుల్లీ వెనక తడి ఉందా అన్నది చూస్తే ఇది తేలుతుంది. అదీ ముందు డీజిల్‌తో, సబ్బు నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, పది నిమిషాలు నడిపి చూస్తేనే. కడగకుండా చెప్పే తీర్పు జాతకం చెప్పినట్టే.

రబ్బరు, ఎండ, దుమ్ము: "డూప్లికేట్" మాటలో నిజమెంత

సీలు మీద మూడు అంకెలు ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. కొట్టులో ఆ మూడు కలిస్తే ఇచ్చేస్తారు. కానీ అదే కొలతలో రకరకాల రబ్బరు ఉంటుంది. నైట్రైల్ చవక, సుమారు 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అక్రిలిక్ రకం 150 దాకా. ఫ్లోరో రబ్బరు, మనవాళ్లు విటాన్ అంటారు, 200 దాకా. ఇవికాక టెఫ్లాన్ లిప్పు సీళ్లు వేరే. రంగు చూసి ఏది ఏదో చెప్పలేం, నల్లవన్నీ నైట్రైల్ కావు, గోధుమ రంగువన్నీ విటాన్ కావు.

ఛాంబర్‌లో ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉంటే లిప్పు అంచు రాపిడి వేడితో ఇంకో 20, 30 డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ప్రతి 10 డిగ్రీలకు రబ్బరు ముసలితనం సుమారుగా రెట్టింపు వేగంతో వస్తుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన 100 డిగ్రీల సీలును 130లో నడిపితే రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు, ఎనిమిది రెట్లు తొందరగా గట్టిపడాలి. గట్టిపడ్డ లిప్పు గోటితో నొక్కితే ప్లాస్టిక్కులా టక్కుమంటుంది, షాఫ్టు కొంచెం ఊగినా దానితో పాటు ఊగలేదు. కాబట్టి "డూప్లికేట్" అన్న మెకానిక్ మాటలో పస ఉంది. కాకపోతే చవక రబ్బరు గట్టిపడటానికి కూడా నెలలు పడుతుంది. తొమ్మిది రోజుల్లో పోయిన సీలుకు రబ్బరు రకాన్ని నిందిస్తే లెక్క కుదరదు.

"మన ఎండలకు ఏ సీలూ ఆగదు" అని ఇంకో మాట. ఇది సగమే నిజం. అనంతపురంలో మే నెలలో 40 దాటడం మామూలే గానీ, ఇంజిన్లో నీళ్ల వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి ఒక స్థాయిలో పట్టి ఉంచుతాయి. బయట 30 ఉన్నా 42 ఉన్నా సాదా రోడ్డు మీద లోపల తేడా అంత రాదు. తేడా వచ్చేది కడప నుంచి రాయచోటికి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాటు లాంటి చోట, నిండు లోడుతో, రెండో గేరులో, సగం దుమ్ముతో మూసుకుపోయిన రేడియేటర్‌తో ఎక్కేటప్పుడు. అంటే ఎండకంటే లోడుదీ రేడియేటర్‌దీ ఎక్కువ పాపం. దుమ్ము సంగతి మాత్రం నిజంగా నిజం. బేతంచెర్ల పాలిష్ బండల యూనిట్ల దగ్గర, తాడిపత్రి సిమెంటు దారుల్లో తిరిగే బండ్లకు ఆ పొడి ఆయిల్‌తో కలిసి నూరుడు పేస్టులా తయారవుతుంది, లిప్పుకంటే ముందు ఇనుమును తింటుంది.

మెత్తటి రబ్బరు గట్టి ఇనుమును తినడం

ఇదే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన విషయం. మూడోచోట, గుత్తి రోడ్డు వైపు ఒక పాత మేస్త్రి దగ్గరికి పోతే, ఆయన ఏమీ చెప్పకుండా బెల్టు విప్పి, పుల్లీ లాగి, గుడ్డతో దాని మెడ తుడిచి, మా బావ చేతికిచ్చి "గోరు పెట్టి అడ్డంగా గీకు సామీ" అన్నాడు. మా బావ గీకాడు. నున్నగా పోతున్న గోరు ఒకచోట టక్కున ఆగింది. నేనూ గీకి చూశాను. కంటికి చూస్తే మెరిసే సన్నటి గీత అంతే, చుట్టూ ఉన్నదానికంటే బాగా నిగనిగలాడుతూ అందంగా కూడా ఉంది. గోటికి మాత్రం గట్టు తగులుతోంది.

రబ్బరు ఒక్కటే ఇనుమును తినదు. లిప్పు కిందికి చేరిన దుమ్ము రేణువులు, ఆయిల్‌లోని మసి రబ్బరులో గుచ్చుకుని సానరాయిలా పనిచేస్తాయి. ఏళ్ల తరబడి ఒకే చోట రుద్దితే గాడి పడుతుంది. ఆ గాడిలోకి కొత్త సీలు లిప్పు దిగితే దాని బిగువు తగ్గుతుంది, స్ప్రింగు చాలినంత నొక్కదు, గాడి గట్ల దగ్గర అంచు నలుగుతుంది. మొదట కొన్నాళ్లు ఆపుతుంది, తర్వాత చెమట పట్టినట్టు మొదలై చుక్కలవుతుంది. తొమ్మిది రోజుల కథకు ఇది సరిగ్గా సరిపోతుంది.

దీనికి మందు ఏమిటన్న దగ్గర మేస్త్రుల్లోనే మాట కలవదు. కొత్త పుల్లీ వేయాలని ఒకరు. అది శుభ్రమైన దారే గానీ ధర సీలుకు ఎన్నో రెట్లు. సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి కూర్చోబెడితే లిప్పు గాడి పక్కన కొత్త ఇనుము మీద పడుతుంది కదా అని ఇంకొకరు. పైసా ఖర్చు లేదు, చాలాచోట్ల పనిచేస్తుంది కూడా. అయితే కవర్‌లో అంత చోటు ఉండాలి, మరీ లోపలికి పోయి సీలు వెనక ఉన్న ఆయిల్ దిగే దారిని మూస్తే ఆయిల్ అక్కడే నిలబడి లీకు ఇంకా పెరుగుతుంది. మూడో దారి స్లీవు, గాడి మీద గట్టిగా తొడిగే పల్చటి స్టీలు గొట్టం. దాని మందం సుమారు 0.28 మిల్లీమీటర్లు. 45 మిల్లీమీటర్ల మెడ మీద తొడిగితే 45.56 అవుతుంది, ఆ అర మిల్లీమీటరును లిప్పు సర్దుకుంటుంది, అందుకే పాత కొలత సీలే సరిపోతుంది. లేత్ మిషన్ మీద మెడను తగ్గించి మందపాటి రింగు ఎక్కించేవాళ్లూ ఉన్నారు.

లేత్ పనిలో ఒక మెలిక ఉంది. టూలు పక్కకు నడుస్తూ చెక్కితే ఇనుము మీద కంటికి కనిపించని మరలాంటి గీత మిగులుతుంది. మర తిరిగితే ఏమవుతుందో తెలిసిందే, ఆయిల్‌ను ఒక వైపుకు నడిపిస్తుంది. ఏ వైపుకన్నది మన అదృష్టం. సీలు చోటును గ్రైండింగు రాయి పక్కకు జరగకుండా నేరుగా లోపలికి పోయేలా రుబ్బడం, గరుకుదనం 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య ఉంచడం అందుకే. మరీ అద్దంలా నున్నగా చేస్తే కూడా కష్టమే, ఆయిల్ పొర నిలవడానికి ఆ కాస్త గరుకు కావాలి. ఎమరీ కాగితంతో నిలువుగా రుద్ది "పాలిష్ చేసినా సార్" అనేవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

బ్యాక్ కంప్రెషన్: "బోరుకొచ్చింది" అన్న తీర్పు ఎప్పుడు నిజం

పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా మండే గాలిలో కొంత పక్కనుంచి జారి క్రాంక్ ఉన్న గదిలోకి దిగుతుంది. దీన్నే మనవాళ్లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. డీజిల్ ఇంజిన్లో కొంచెం ఉండటం రోగం కాదు. ఆ గాలి బయటికి పోవడానికి బ్రీదర్ పైపు ఉంటుంది, కొన్ని పాత బండ్లలో అది నేరుగా రోడ్డు మీదకే వదులుతుంది, కొత్తవాటిలో ఆయిల్ తుంపరను వడగట్టి మళ్ళీ ఇన్‌టేక్‌లోకి కలుపుతుంది.

వచ్చే గాలి పెరిగినా, పోయే దారి మూసుకున్నా లోపల ఒత్తిడి పెరుగుతుంది. లిప్పు సీలు పెద్ద ఒత్తిడిని ఆపడానికి చేసిన వస్తువు కాదు. పెరిగిన ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ను తోసుకుపోతుంది: ఫ్రంట్ సీలు, వెనక సీలు, టాపెట్ ప్యాకింగు, ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్ స్టిక్) గొట్టం. అందుకే ఒకేసారి రెండు మూడు చోట్ల తడి కనిపిస్తే అనుమానం సీలు మీదనుంచి ఒత్తిడి మీదకు మళ్ళాలి.

రెండో షెడ్డువాళ్లు చూసింది పొగను. ఇంజిన్ ఐడిల్లో ఉండగా మూత తీస్తే పొగ రావడం ఒక గుర్తే, కానీ అది ఒంటరి సాక్ష్యం. మూత తీసిన క్షణంలో బుస్సుమని కొట్టి, తర్వాత నెమ్మదిస్తే దారి మూసుకుందని అర్థం చేసుకోవచ్చు. తగ్గకుండా పొగగొట్టంలా వస్తూనే ఉండి, పైగా ఆయిల్ తాగుతూ, నీలం పొగ వదులుతూ, పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఒక పట్టాన లేవకపోతే, అప్పుడు రింగులూ బోరూ. అదీ సిలిండర్ల కంప్రెషన్ గేజి పెట్టి కొలిచాక చెప్పే మాట. టర్బో సీళ్లు పోయినా లోపలికి ఒత్తిడి చేరుతుంది, వాక్యూమ్ పంపు పాడైనా చేరుతుంది. పొగ చూసి అరవై వేలు చెప్పడం అంటే దగ్గు విని ఆపరేషన్ అన్నట్టు.

మా బావ బండికి బ్రీదర్ పైపు విప్పి చూస్తే, ఎప్పుడో ఏదో రిపేరులో దాన్ని ఒక క్లాంపు కింద వంచి కట్టేశారు. వంపు దగ్గర సందు సగమే, ఆ సగంలో తారులాంటి నల్లటి మడ్డి. మేస్త్రి పైపు నోట్లోకి ఊదబోయి, వాసన చూసి మానుకున్నాడు. సైకిల్ ఊచతో పొడిస్తే చిటికెన వేలంత మడ్డి ఊడిపడింది.

బిగించేటప్పుడు జరిగే హత్యలు

సీలు మార్పిడిలో సీలు పని అరగంట. మిగతాదంతా పుల్లీ బోల్టు కథ. ఆ బోల్టు చాలా గట్టిగా బిగించి ఉంటుంది, ఎందుకంటే పుల్లీనీ టైమింగ్ గేరునూ క్రాంక్‌కు అదిమి పట్టేది అదే. కీ ఉంది కదా, అదే ఆపుతుందిలే అనుకుంటారు. కీ పని ముఖ్యంగా గేరును సరైన చోట నిలపడం, బరువంతా మోసేది బోల్టు బిగువు. అది చాలకపోతే పుల్లీ ప్రతి చుట్టులోనూ వెంట్రుకవాసి కదిలి, కీని కోసి, క్రాంక్ మీది గాడిని తింటుంది. కొన్ని వందల రూపాయల సీలు కోసం మొదలుపెట్టిన పని క్రాంక్ దించడం దాకా పోయేది ఇలాగే. కొన్ని ఇంజిన్లలో ఆ బోల్టు బిగించినప్పుడు సాగేలా చేసి ఉంటారు, ఒకసారి విప్పితే కొత్తది వేయాల్సిందే. కొన్నిట్లో కీ అసలే ఉండదు, బోల్టు వదులైతే టైమింగే కదులుతుంది. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లయితే కారిన ఆయిల్ బెల్టును నానబెడుతుంది, అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. అలాంటి బండికి ఫ్రంట్ సీలు లీకు చిన్న లీకు కాదు.

పుల్లీని లాగడంలో ఇంకో ప్రమాదం. చాలా పుల్లీలు ఒకే ముక్క కావు, లోపలి మెడకూ బయటి చుట్టుకూ మధ్య అదురు తగ్గించే రబ్బరు పొర ఉంటుంది. పుల్లర్ కాళ్లు బయటి అంచుకు తగిలించి లాగితే ఆ రబ్బరు చిరుగుతుంది. మెడలో ఉన్న మర బెజ్జాలకు బోల్టులు వేసి లాగడం వేరు.

ఇక సీలు. పాతదాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీసేటప్పుడు మెడ మీదో కవర్ గోడ మీదో పడే ఒక్క గీత చాలు. కొత్తది వంకరగా కూర్చుంటే ఒక వైపు లిప్పు ఎక్కువ నొక్కుతుంది, ఇంకోవైపు తక్కువ. కీ గాడి అంచు బ్లేడులా ఉంటుంది, దాని మీదుగా లిప్పు జారితే కోసుకుపోతుంది, స్ప్రింగు ఎగిరి పడిపోవడమూ మామూలే. రబ్బరు లిప్పుకు ఆయిల్ రాసి ఎక్కిస్తారు, పొడిగా తిరిగితే మొదటి నిమిషాల్లోనే కాలుతుంది కాబట్టి. టెఫ్లాన్ లిప్పుకు దీనికి సరిగ్గా తలకిందులు: మామూలుగా పొడిగానే ఎక్కించాలి, ఎందుకంటే ఆ లిప్పు తనను తాను షాఫ్టుకు అరగదీసుకుని సన్నటి పొర అంటించుకుంటుంది, ఆయిల్ రాస్తే ఆ పొర సరిగా పడదు. ఒకదాని అలవాటు ఇంకోదానికి వాడితే రెండూ పోతాయి. బయటి అంచున రబ్బరు పూత ఉన్న సీలుకు బాండ్ (సందులు మూసే జిగురు ముద్ద) అవసరం రాదు. చాలామంది భయానికి దట్టంగా పూస్తారు, లోపలికి పొంగిన ముద్దలు ఊడి ఛాంబర్‌లో పడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే లీకు కంటే పెద్ద కష్టం.

పోస్తూ నడుపుకుంటే నష్టమేమిటి

లారీ డ్రైవరు మాటను తీసిపారేయలేం, రూపాయల లెక్కలో చూస్తే అది తెలివితక్కువది కాదు. నడిచేటప్పుడు పది సెకన్లకు ఒక చుక్క అనుకుందాం. గంటకు 360 చుక్కలు. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు చొప్పున 18 మిల్లీలీటర్లు. బెంగళూరు పోయి రావడానికి పది గంటలు, అంటే 180. నెలకు పన్నెండు ట్రిప్పులు వేస్తే రెండు లీటర్ల పైన. లీటరు 400 అనుకుంటే తొమ్మిది వందల లోపే. సీలు, కూలీ కలిపి రెండు వేలనుకుంటే రెండు నెలల ఆయిల్ ఖర్చు కాస్త అటూ ఇటూ. ఇంజిన్ పని ఎలాగూ రెండు నెలల్లో చేయించాలనుకున్నవాడికి ఆగడమే లాభం.

ఆ లెక్కలో పడనివి రెండున్నాయి. డిప్ స్టిక్ రెండు గీతల మధ్య తేడా చాలా ఇంజిన్లలో లీటరు అటూ ఇటూ. పై లెక్కన ఐదారు ట్రిప్పులు చూడకుండా వదిలేస్తే కింది గీతకు వచ్చేస్తుంది, అదీ లీకు పెరగకుండా అంతే ఉంటే. డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు వెలుగుతుందిలే అనుకుంటే, మామూలుగా ఆ లైటు చూసేది ఆయిల్ ఒత్తిడిని, మట్టాన్ని కాదు. అది వెలిగేసరికి పంపు గాలి పీలుస్తూ ఉంటుంది. రెండోది బెల్టు. ఆయిల్ తాగిన బెల్టు ఉబ్బి జారుతుంది, వాటర్ పంపు తిరగడం తగ్గితే ఘాట్లో ఇంజిన్ కాగుతుంది. రోజూ పొద్దున డిప్ స్టిక్ చూసే డ్రైవరుకు ఆ సలహా చెల్లుతుంది, మా బావలాంటివాడికి చెల్లదు. డబ్బా కొన్నాడు గానీ, అది సీటు కింద సీలు విప్పకుండానే ఉంది.

లీకు ఆపే మందులని సీసాల్లో అమ్మేవి కూడా ఉన్నాయి. గట్టిపడ్డ రబ్బరును అవి కాస్త ఉబ్బించి మెత్తబరుస్తాయి, కాబట్టి వయసుతో బిగుసుకున్న సీలుకు కొన్నాళ్లు పనిచేయొచ్చు. చిరిగిన లిప్పును కుట్టవు, గాడిని పూడ్చవు, టెఫ్లాన్‌ను ఏమీ చేయలేవు.

బావ బండి సంగతి

స్లీవు అనంతపురంలో దొరకలేదు. బెంగళూరు నుంచి బస్సు పార్సిల్లో వచ్చేసరికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ లోడు పోయిందని మా అక్క మేస్త్రిని కాక నన్ను తిట్టింది. స్లీవు తొడిగి, అదే కొలతలో అక్రిలిక్ రబ్బరు సీలు వేసి, బ్రీదర్ పైపు కొత్తది నిటారుగా కట్టాడు. పుల్లీ పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాడు, బేరింగు ఆట లేదన్నాడు. మూత తీస్తే పొగ ఇప్పటికీ కొంచెం వస్తుంది, బుస్సుమనడం మాత్రం లేదు. బోరు పని ఎప్పటికైనా తప్పదేమో, ఈ సంవత్సరానికి కాదు.

రోజూ రాత్రి ఇంజిన్ కింద చీనీకాయల అట్టపెట్టె ఒకటి చింపి పరుస్తున్నాడు. మూడు వారాలు శుభ్రంగా ఉంది. మొన్న ఒక చుక్క పడింది. గుండె గుభేలుమని నాకు ఫోను చేశాడు. పోయి వేలితో తీసి చూస్తే పల్చగా, ఎర్రగా ఉంది. పవర్ స్టీరింగ్ ఆయిల్.